ఫిల్మ్ నువార్‌ను నిలబెట్టిన పుస్తకాలు

1944లో ‘డబుల్ ఇండెమ్నిటీ’ తీసిన బిల్లీ వైల్డర్‌కు తాను ఫిల్మ్ నువార్ తీస్తున్నానన్న ఊహే లేదు. హాలీవుడ్ స్టూడియోల దృష్టిలో అవి నేరకథలు, మెలోడ్రామాలు, అంతే. ఆ సినిమాలన్నీ ఒకే కుదురువని పసిగట్టింది పారిస్ ప్రేక్షకులు.

జర్మన్ ఆక్రమణ రోజుల్లో అమెరికన్ సినిమాలకు వాళ్లు మొహం వాచిపోయారు. యుద్ధం ముగిశాక, 1946 వేసవిలో, ‘ది మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘డబుల్ ఇండెమ్నిటీ’ వారాల తేడాతో వచ్చిపడ్డాయి. అమెరికాలో ఏళ్ల ఎడంతో విడుదలైనవాటిని వరసగా చూసేసరికి పోలికలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఆ ఆగస్టులోనే నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఒక సినీ వారపత్రికలో వాటిని ఫిల్మ్ నువార్, అంటే ‘నల్ల సినిమా’, అన్నాడు. నువార్ అన్న మాట పారిస్‌కు కొత్త కాదు: గాలిమార్ ప్రచురణ సంస్థ ‘సెరీ నువార్’ పేరిట నేర నవలలు తేవడం అంతకు ముందు ఏడే మొదలైంది.

పేరు పత్రికల్లో పుట్టినా, దానికి ప్రాణం పోసింది పుస్తకమే. 1955లో రేమోన్ బోర్డ్, ఎతియెన్ షోమెతాన్ అనే ఇద్దరు తులూజ్ సినీప్రియులు 1941–53 మధ్య వచ్చిన అమెరికన్ చిత్రాలపై ఏకంగా ఒక గ్రంథమే రాశారు. కథలో హంతకుడెవరన్నది వాళ్లకు పెద్ద విషయం కాదు. ఆ సినిమాలు చూస్తుంటే మనలో పుట్టే కలవరం, మంచిచెడ్డల గీత చెరిగిపోవడం, కలలాంటి అయోమయం: వీటినే పట్టుకున్నారు. ఇంత మౌలికమైన పుస్తకం ఇంగ్లిష్‌లోకి 2002లో గానీ రాలేదు.

అమెరికన్లకు తమ సొత్తు విలువ ఆలస్యంగా తెలిసింది. తర్వాత ‘ట్యాక్సీ డ్రైవర్’ రాసిన పాల్ ష్రేడర్ 1972లో అచ్చయిన వ్యాసంలో, నువార్‌ను గుర్తించాల్సింది కథను బట్టి కాదు, ధోరణిని, వాతావరణాన్ని బట్టి అని వాదించాడు. 1978లో ఇ. ఆన్ కాప్లాన్ సంపాదకత్వంలో వచ్చిన ‘విమెన్ ఇన్ ఫిల్మ్ నువార్’ ఆ చిత్రాల మాయలాడి నాయికలను స్త్రీవాద దృష్టితో చూసింది. మరుసటి ఏడు ఆలెన్ సిల్వర్, ఎలిజబెత్ వార్డ్ నువార్‌పై విజ్ఞానసర్వస్వం తెచ్చారు.

వీటన్నిటిలో నా ఓటు జేమ్స్ నేర్మోర్ 1998 నాటి ‘మోర్ దాన్ నైట్’కే. నువార్ అన్నది సినిమాల్లో దాగిన గుణం కాదు, విమర్శకులూ ప్రేక్షకులూ గతాన్ని చూసి కట్టుకున్న భావన అంటాడాయన. పైన చెప్పిన చరిత్రంతా ఆ మాటకు సాక్ష్యమే.

ఆనాటి హాలీవుడ్ తెలియాలంటే ఆటో ఫ్రీడ్రిక్ రాసిన ‘సిటీ ఆఫ్ నెట్స్’ ఉంది. నాజీల బారి నుంచి పారిపోయి వచ్చిన కళాకారులు, స్టూడియో యజమానులు, కమ్యూనిస్టుల వేట అన్నీ అందులో ఉంటాయి. స్టూడియోల లోగుట్టు కావాలంటే థామస్ షాట్జ్ ‘ది జీనియస్ ఆఫ్ ది సిస్టమ్’ తెరవండి.

కొత్తవాళ్లు ముందు ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూసి నేర్మోర్‌ను చదవండి. ఆ తర్వాత బోర్డ్, షోమెతాన్‌ల పుస్తకాన్ని మాత్రం వదలకండి.