చిన్న పెట్టె - పెద్ద శక్తి

సంగీతము వినుటకు ఎంత విద్యుచ్ఛక్తి కావలెను? ఇంటిలో మెల్లగా వినునపుడు సగటున ఒక వాట్ చాలును. కొన్ని స్పీకర్లకు అందులో పదవవంతు కూడ ఎక్కువే. అయినను నేడు అంగళ్లలోని ఆంప్లిఫయర్లపై నూరు వాట్లు, రెండువందల వాట్లు అని వ్రాసియుండును. ఒక వాట్ చాలుచోట నూరు వాట్లు ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము ఆంప్లిఫయరు చరిత్రలో కంటె స్పీకరు పెట్టె చరిత్రలోనే ఎక్కువగా దొరకును.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు ఒక నూతన స్పీకరును వివరించిరి. అయస్కాంతపు సందులో నున్న తీగచుట్ట కదలి, కాగితపు శంకువును ఆడించును. నేటి స్పీకర్లలో అధికభాగము దీని సంతతియే. అయితే ఇట్టి స్పీకరు తనకు అందిన శక్తిలో సాధారణముగ నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే ధ్వనిగా మార్చును. మిగిలినది తీగచుట్టలో వేడియై పోవును.

ఆ కాలపు వాల్వు ఆంప్లిఫయర్లు కొద్ది వాట్లు మాత్రమే ఇచ్చెడివి. కావున శక్తిని పొదుపుగా వాడు స్పీకర్లకు విలువ హెచ్చెను. పాల్ క్లిప్ష్ 1946లో ఆర్కాన్సా రాష్ట్రములోని హోప్ పట్టణమున నెలకొల్పిన సంస్థ క్లిప్ష్‌హార్న్ అను స్పీకరును తయారుచేసెను. గది మూలనున్న గోడలే దాని కొమ్ముబూరలో భాగములగును. ఒక వాట్ శక్తికే అది ఒక మీటరు దూరమున సుమారు 105 డెసిబెల్ల ధ్వని నిచ్చును. కాని దాని ఆకారము పెద్ద బీరువా వంటిది. 1947లో విలియమ్సన్ అను బ్రిటిష్ ఇంజనీరు ప్రకటించిన ప్రసిద్ధమైన ఆంప్లిఫయరు శక్తి 15 వాట్లు. అట్టి పెద్ద స్పీకర్లకు అది పుష్కలము.

1954లో ఈ పరిస్థితి మారెను. మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలో ఎడ్గార్ విల్చూర్, హెన్రీ క్లాస్ కలిసి ఎ.ఆర్.-1 అను స్పీకరును వెలువరించిరి. గాలి చొరబడకుండ మూసిన పెట్టెలోని గాలియే అందులో స్ప్రింగువలె పనిచేయును. అందుచే అలమారులో పట్టునంతటి పెట్టెనుండి గంభీరమైన మంద్రస్థాయి, తక్కువ వికారముతో వినవచ్చెను. 1958 నుండి స్టీరియో రికార్డులు వ్యాపించగా ప్రతి ఇంటికి రెండు స్పీకర్లు కావలసివచ్చెను. చిన్న పెట్టెలకు గిరాకి పెరిగెను.

కాని ప్రకృతి దేనిని ఊరక ఇయ్యదు. చిన్న పెట్టె, లోతైన మంద్రము, హెచ్చు సామర్థ్యము - ఈ మూటిలో రెండు మాత్రమే పొందవీలగును. దీనికి హాఫ్‌మన్ నియమమని పేరు. విల్చూర్ మొదటి రెంటిని కోరి మూడవదానిని వదలుకొనెను. ఆ లోటును ఆంప్లిఫయరు తీర్చవలసివచ్చెను.

ఆ లోటు ఎంతటిదో లెక్కించి చూడవచ్చును. శక్తి రెట్టింపైనచో ధ్వని 3 డెసిబెల్లు మాత్రమే పెరుగును. పదిరెట్లయినచో 10 డెసిబెల్లు పెరుగును. ఒక వాట్‌కు 105 డెసిబెల్లు ఇచ్చు స్పీకరు, 100 డెసిబెల్లకు వాట్‌లో మూడవవంతు తీసికొనును. 85 డెసిబెల్లు ఇచ్చు చిన్న స్పీకరుకు అదే ధ్వనికి 32 వాట్లు కావలెను. మృదంగముపై పడిన ఒక్క దెబ్బ సగటు ధ్వనికంటె 10 నుండి 20 డెసిబెల్లు మించవచ్చును. సగటున ఒక వాట్ చాలినను ఆ క్షణమునకు 10 నుండి 100 వాట్లు సిద్ధముగా నుండవలెననుటకు ఇదియే కారణము.

ఆ శక్తి లేనిచో ఏమగును? గోపుర శిఖరమును కోసి చదునుచేసినట్లు ధ్వనితరంగముల శిఖరములు తెగిపోవును. అట్లు మితిమీరి నడిపిన 30 వాట్ల ఆంప్లిఫయరు 60 వాట్లకు దగ్గరగా వెలువరింపగలదు. అందులో తారస్థాయి భాగము హెచ్చును. తారస్థాయిని పలికించు ట్వీటరులోని సన్నని తీగ ఆ వేడికి మాడిపోవచ్చును. పెద్ద ఆంప్లిఫయరు స్పీకరును కాల్చునని భయపడి చిన్నదానిని కొన్నవారికి ఈ విధముగ నష్టము కలుగుట కద్దు.

వాల్యూము మర శక్తిని పుట్టించునది కాదు. కుళాయి మర వంటిది. సగము త్రిప్పినచో సగము శక్తి వెలువడుననుట పొరపాటు. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు యంత్రములు సాధారణముగ 2 వోల్టుల సంకేతము నిచ్చును. పూర్వపు రేడియో, టేపు యంత్రములలో అనేకము అంతకంటె తక్కువ ఇచ్చెడివి. సంకేతము బలమైనదైనచో మర సగము తిరుగకముందే ఆంప్లిఫయరు శక్తియంతయు ఖర్చగును. కావున మర ఏ అంకెపై నున్నదనుటకంటె, ధ్వని గరగరలాడుచున్నదా అనుట ముఖ్యము. గరగర వినబడగనే మరను వెనుకకు త్రిప్పవలెను.

శక్తికి గిరాకి పెరుగగా ప్రకటనలలో అతిశయోక్తులును పెరిగినవి. క్షణకాలపు శక్తినే అసలు శక్తిగా కొందరు చూపిరి. అందుచే 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమము చేసెను: ఎన్ని ఓముల స్పీకరుకు, ఎంత వికారముతో, ఎడతెగక ఎన్ని వాట్లు ఇచ్చునో తెలుపవలెను. ఓముల మాట ముఖ్యమైనది. 8 ఓములని వ్రాసిన స్పీకరు కొన్ని స్వరములవద్ద 4 ఓములకు దిగి రెట్టింపు విద్యుత్ప్రవాహమును కోరవచ్చును.

కొనువారు మొదట గది వైశాల్యమును, పిదప స్పీకరు డెసిబెల్లను, ఓములను చూచి, ఆ తరువాతనే వాట్లను ఎంచుకొనుట మేలు. స్పీకరు ఎంత అడుగునో తెలియనిదే ఆంప్లిఫయరు ఎంత ఇయ్యవలెనో తెలియదు.