వేళ్లకు వచ్చిన తెలుగు

ఆరాంఘర్ చౌరస్తా దాటాక ఒక డీటీపీ దుకాణం ఉంది. మొన్న అద్దె ఒప్పందం కొట్టించుకుందామని వెళ్లాను. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి, మిగిలినవీ ఇంగ్లీషువే. ఆపరేటరు అటు చూడకుండానే ‘యజమాని’, ‘కిరాయిదారు’ అని తెలుగు కొట్టుకుపోతున్నాడు. ఏ కీబోర్డు అన్నా అంటే, ‘యాపిల్ సార్, ఇరవై ఏండ్ల సంది ఇదే’ అన్నాడు. అంటే కంపెనీ కాదు, డీటీపీ వాళ్లు అక్షరాల అమరికకు పెట్టుకున్న పేరు. ఇన్‌స్క్రిప్టు నేర్చుకోలేదా అని అడిగాను. ‘మళ్లా అఆలు దిద్దాల్నా సార్?’ అన్నాడు.

కీబోర్డును కొత్తగా తీర్చిదిద్దిన వాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురైంది. 1874లో రెమింగ్టన్ టైపు మిషన్‌తో బజారుకెక్కిన క్వెర్టీ వరుసను మార్చాలని అమెరికాలో ఆగస్ట్ డ్వొరాక్ ఓ కొత్త అమరికకు 1936లో పేటెంటు తీసుకున్నాడు. వేళ్లకు శ్రమ తగ్గించాలన్నది ఆయన పట్టుదల. లోకం కదల్లేదు. అయితే ఇంగ్లీషు వాళ్ల చేతిలో అప్పటికే పని జరిగే యంత్రం ఉంది. మన కష్టం వేరు. యాభైకి లోపు కీలున్న టైపు మిషన్‌లో గుణింతాలు, ఒత్తులు ఇరికించాలి. కీబోర్డును మార్చడం మనకు సరదా కాదు, గత్యంతరం లేని పని.

ఆ పనిలో నాకు అందంగా కనిపించేది ఇన్‌స్క్రిప్టే. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు కలిపి ప్రమాణంగా తెచ్చిన కంప్యూటర్ అమరిక అది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. ‘క’ ఉన్న కీ మీదే షిఫ్టుతో ‘ఖ’, ‘త’ మీద ‘థ’. తెలుగులో ‘క’ ఎక్కడో హిందీలోనూ అక్కడే. ‘రామ’ అనడానికి మూడే దెబ్బలు: ర, దీర్ఘం, మ. వర్ణమాల తెలిసినవాడికి అది సగం వచ్చేసినట్టే. అయినా అచ్చు పని డీటీపీ సాఫ్ట్‌వేర్ల చేతికి వెళ్లింది. వాటి అమరికలు వేరు, ఫాంటు సంకేతాలూ వేరు. ఒకచోట కొట్టిన తెలుగు ఇంకోచోట తెరిస్తే పిచ్చిగీతలు. తెలుగుకు అసలు నష్టం ఇక్కడే జరిగింది. కీ చోటు మారితే వేళ్లు ఎప్పటికో సర్దుకుంటాయి, లోపలి సంకేతం మారితే రాసిందంతా పోతుంది.

ఆ ముడి విప్పింది యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగు ఉంది. ఏ కీ నొక్కి రాసినా లోపల దాచుకునే ‘క’ ఒక్కటే. ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్టీఎస్ అనే పద్ధతి తెచ్చారు. కీబోర్డు అమరికను ముట్టుకోకుండా ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే ఒప్పందం అది. చిన్న ఎల్ కొడితే ‘ల’, పెద్ద ఎల్ కొడితే ‘ళ’. 2006లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ వెబ్‌సైటుతో అదే తీరు రాత యూనికోడ్‌లోకి, ఇంటర్నెట్ ఉన్న ప్రతి ఇంటికీ వచ్చింది. ఎందరో బ్లాగర్లు, వికీపీడియా రచయితలు దాని మీదే చేయి తిప్పుకున్నారు. నా లెక్కలో తెలుగు రాతకు జరిగిన పెద్ద మేలు ఇది. వేళ్ల అలవాటును గౌరవించి, మార్పంతా తెర వెనుక చేసింది.

ఒక బాధ మాత్రం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు రాని తెలుగు పిల్లవాడికి ఈ దారి మూసే ఉంటుంది. వాడికి బడిలో ఇన్‌స్క్రిప్టు నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. వాడి వేళ్లకింకా ఏ అలవాటూ లేదు, మర్చిపోవాల్సిందీ లేదు.

ఒప్పందం పూర్తయ్యాక వాట్సాప్‌లో పంపమన్నాను. పాత ఫాంటు కదా, కన్వర్టరులో వేసి యూనికోడ్‌లోకి మార్చాడు. చిరునామాలో ‘ఆరాంఘర్’ దగ్గర ‘ఘ’ విరిగి గీత మిగిలింది. ఆపరేటరు కీబోర్డు వదిలి జేబులోంచి ఫోను తీశాడు. బొటనవేళ్లతో ఇంగ్లీషు అక్షరాల్లో ఆరాంఘర్ అని కొట్టాడు, తెర మీద తెలుగులో పడింది. దాన్ని తెచ్చి విరిగినచోట అతికించాడు.

‘ఇదెప్పుడు నేర్చుకున్నవ్ అన్నా?’ అన్నాను.

‘ఇది నేర్చుకునుడేంది సార్?’ అన్నాడు.