పది రోజుల సెలవు, సోంపేట కంటి ఆసుపత్రి

సెలవులకి విదేశం వెళ్లి, అందులోనే కొన్నాళ్లు ఏ ఆసుపత్రిలోనో బడిలోనో సేవ చేసి తిరిగొచ్చేయడం ఇప్పుడు మామూలైపోయింది. మన ఉత్తరాంధ్రకి ఇలా వచ్చినవాళ్ల కథ మాత్రం సెలవుతో మొదలవలేదు.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఓడ ప్రయాణానికే నెలలు పట్టే రోజులవి. వచ్చి తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. వాళ్ల తెలుగు పుస్తకం 1812లో సీరాంపూర్‌లో అచ్చయింది. ఇద్దరూ చూసుకోలేదు.

1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం వారాల్లోకి వచ్చింది. ఆ తర్వాతే కెనడా బాప్టిస్టులు భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలిలో స్థిరపడ్డారు. వాళ్లకి సెలవంటే మన దేశం రావడం కాదు, కొన్నేళ్ల పని తర్వాత ఇంటికెళ్లడం. అక్కడా ఊరికే కూర్చునేవాళ్లు కాదు లెండి. చర్చి చర్చికీ తిరిగి ఇక్కడి సంగతులు చెప్పి, చందాలు పోగుచేసేవాళ్లు.

సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి డాక్టరు బెన్ గల్లిసన్ కూడా అలాగే కెనడాలో మాట్లాడారు. 25 డాలర్లుంటే ఒక మనిషికి చూపు తెప్పించవచ్చన్నారు. అది విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో 'ఆపరేషన్ ఐసైట్' సంస్థ పెట్టారు. ఇవాళ చాలా దేశాల్లో పనిచేసే ఆ సంస్థకి మూలం మన సోంపేట!

కంటి శుక్లానికే ఇంత పేరెందుకొచ్చిందంటే, అది ఒక్క ఆపరేషన్‌తో తేలే జబ్బు. జెట్ విమానాలొచ్చాక, పది రోజులకోసం వచ్చే సర్జన్‌కి ఇంతకన్నా అనువైన పని ఇంకోటి లేదు. ఫొటో కూడా బాగా వస్తుంది. కానీ కంట్లో లెన్స్ పెట్టని ఆ రోజుల్లో రోగి కట్టుతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి, తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకోవాలి. చుక్కలు వేయడం, చీము పడితే కనిపెట్టడం, అద్దాలు సరిచూడటం ఎవరు చేస్తారు? ఇక్కడి నర్సులు, కాంపౌండర్లు, ఆయాలు. నన్నడిగితే ఆ ఆసుపత్రి చరిత్రలో సగం వాళ్లదే. వాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడవు.

ఇప్పుడు అదే సోంపేట ఉద్దానం కిడ్నీ జబ్బుకి పేరుపడింది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా అదే బాధ. డిసెంబరు సెలవులకి ఊరొచ్చిన మన అమెరికా డాక్టర్లు క్యాంపులు పెడుతుంటారు. మంచిదే, క్రియాటినిన్ పరీక్షతో జబ్బు ముందే బయటపడుతుంది. కానీ కిడ్నీ పూర్తిగా పాడైనవాళ్లకి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావాలి, అదీ బతికున్నంతకాలం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు గానీ, అక్కడికి వెళ్లిరావడానికి పోయే కూలి రోగి ఇంటివాళ్లదే.

అందుకే సెలవులకి వచ్చే డాక్టరుగారిని ఒకటే అడగాలనిపిస్తుంది. క్యాంపు పెట్టండి, దాంతోపాటు ఇక్కడి డయాలసిస్ టెక్నీషియన్లకి నాలుగు రోజులు పని నేర్పండి. తిరిగెళ్లాక వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తండి.

వచ్చే ఎపిసోడ్‌లో భీమిలి డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్దాం. ఉంటానండీ.