కొలాముల పలుకు

హైదరాబాదునకు పడమట ఖాజాగూడ కలదు. ఇప్పుడచ్చటి అద్దాల మేడల చెంత పలుదేశముల మాటలు వినవచ్చును. ఊరి పేరు చివరి 'గూడ' మాత్రము పాతది. ఆదిలాబాదు అడవులలో కొలాములు నివసించు పల్లెలకును 'కొలాంగూడ' యను పేరు తరచు వినబడును. ఆ గూడలలోని భాషను గూర్చి మేము కొంత మనవి చేయదలచితిమి.

కొలామీ తెలుగునకు చుట్టమే గాని కూతురు కాదు. పండితులు దానిని నాయికీ, పర్జీ, గదబలతో జేర్చి మధ్య ద్రావిడ శాఖయందుంచిరి. మన 'నీరు' వారికి 'ఈర్'. మన 'ఇల్లు' వారికి 'ఎల్ల'. అంకెలు నాలుగు వరకు వారి సొంతము. ఐదు మొదలుకొని తెలుగు అంకెలే! సంతబేరము తెలుగువారితో సాగినందున గాబోలునని మా యూహ. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పండితుడు ఎమెనో, వార్ధా ప్రాంతపు కొలామీని విని వ్రాసిన గ్రంథము 1955లో వెలువడినది.

గోండులు కొలాములను 'పూజారులు' అందురు. ఆ నేల దేవతలను కొలుచుటకు తమకంటె ముందచ్చట నున్నవారే తగుదురని వారి నమ్మిక. ఇంత మన్ననగల జాతికి నేల మిగులలేదు. కొలాములు కొండవాలులలో పోడుకొట్టి జొన్నలు పండించుకొనెడివారు. నైజాము ప్రభుత్వము అడవులను రక్షితములుగా నిర్ణయించిన పిమ్మట పోడు సాగనీయలేదు. గూడలు చెదరి, కుటుంబములు గోండు, మరాఠీ, తెలుగు రైతుల పల్లెలకు కూలికి జేరినవి. పగలెల్ల పొరుగు భాష; రాత్రి యింట మాత్రమే కొలామీ.

అస్సామునేలిన అహోముల మాట చూడుడు. 1228లో సుకాఫా వెంట వచ్చిన వారి తాయి భాషకు లిపి యుండెను, బురంజీలను చరిత్ర గ్రంథములుండెను, ఇంచుమించు ఆరువందల యేండ్ల రాజ్యముండెను. అయినను ప్రజల అస్సామీయే రాజుల యింట జేరగా, తాయి పురోహితుల పొత్తములలో మిగిలినది. కొలామీకి ప్రాచీన లిపి లేదు, రాజ్యము లేదు, నేటికిని నోటనున్నది. 2011 జనాభా లెక్కలలో 1,28,000 మందికి పైగా అది తమ మాతృభాషయని చెప్పిరి. అందధికులు మహారాష్ట్రమువారు. అయినను యునెస్కో దానిని అపాయస్థితిలోనున్న భాషల పట్టికలో జేర్చెను.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించినపుడు కొలామీయు అందు చేరినది. వాచకములు తెలుగు లిపిలోనే వచ్చినవి. పై తరగతులకు పోవునప్పటికి చదువంతయు తెలుగున సాగవలెననియే ఆ యేర్పాటు.