కొట్టివేసిన అంకె

సిరాతో చిట్టా వ్రాసేటప్పుడు తప్పు పడిన అంకెను కొట్టివేసినా దాని ఆనవాలు కాగితంపై మిగిలే ఉంటుంది. సూర్యాపేట దుకాణంలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడ బియ్యపు మిల్లులోనైనా తనిఖీదారుకు ఆ కొట్టివేతే సాక్ష్యం. కంప్యూటరులో పాత అంకెపై కొత్తది వ్రాస్తే, వేరే ఏర్పాటు లేనిచో, ఆ జాడ మిగలదు.

అమెరికాలో షేరు దళారులు వ్యాపార లేఖలను 3 సంవత్సరాలు భద్రపరచవలెను. 1997లో వాటిని కంప్యూటరులో దాచుకోనిస్తూనే, ఒకసారి వ్రాసినదానిని చెరపడానికి వీలులేని పద్ధతినే వాడాలని అక్కడి ప్రభుత్వం విధించినది. ప్రతి మార్పునూ నమోదుచేసే పద్ధతిని 2022లో గాని అంగీకరించలేదు.

మనకు పాఠం హైదరాబాదులోనే ఎదురైనది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షులు రామలింగరాజు, లేని సొమ్మును లెక్కలలో చూపినట్లు లేఖలో ఒప్పుకొన్నారు. విచిత్రమేమంటే, 7,561 దొంగ బిల్లులు ఆ కంపెనీ కంప్యూటరులోనే దర్యాప్తువారికి దొరికినవి! ఇతర ఉద్యోగులకు కనబడకుండా వాటికి వేరే గుర్తు పెట్టి ఉంచారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చినది. దానిపై అప్పీళ్లు దాఖలైనవి.

2023 ఏప్రిల్ 1 నుండి భారతదేశంలో కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి దిద్దుబాటునూ తేదీతో సహా నమోదు చేయవలెను; ఆ నమోదును ఆపివేసే వీలు ఉండరాదు. మిర్యాలగూడ మిల్లు కంపెనీగా రిజిస్టరై ఉంటే దానికీ ఇదే నియమం. ఒక్కరి సొంత వ్యాపారమైతే మాత్రం ఇది వర్తించదు.