60 పరమాణువుల అతిద్రవము

గాజుపాత్రను వంచినచో నీరు వేగముగా జారును. ఆముదము మెల్లగా జారును. ద్రవములోని ఒక పొర కదలికను ప్రక్కపొర అడ్డగించు గుణమునకు స్నిగ్ధత యని పేరు. ఈ గుణము ఒక్కొక్క అణువునకు చెందినది కాదు. అణువుల గుంపునకు చెందినది. అయినచో ద్రవముయొక్క గుణములు బయటపడుటకు ఆ గుంపులో ఎన్ని అణువులుండవలెను? ఒక వింత ద్రవము విషయమున ఈ ప్రశ్నకు జర్మనీలోని గొటింగెన్ నగరమున సమాధానము దొరకినది. దానిని కనుగొన్నది ప్రవాహముల పరిశోధనకై స్థాపింపబడిన సంస్థయే.

1904లో హైడెల్‌బెర్గ్‌లో జరిగిన గణితశాస్త్ర మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ ఒక చిన్న వ్యాసము చదివెను. గాలిగాని నీరుగాని ఘనవస్తువును ఒరసికొని వేగముగా పోవునపుడు, స్నిగ్ధత ప్రభావము ముఖ్యముగా ఆ వస్తువును అంటియుండు పలుచని పొరలోనే కనిపించునని ఆయన వివరించెను. విమానశాస్త్రమునకు ఇది పునాదులలో ఒకటి. ఆ సంవత్సరమే ఆయన గొటింగెన్ చేరెను. 1925లో ఆయన నాయకత్వమున అచట ప్రవాహ పరిశోధన సంస్థ ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అది మాక్స్ ప్లాంక్ సంస్థలలో ఒకటి యయ్యెను.

1938లో మాస్కోలో కపిట్జా, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైసెనర్ ఒక విచిత్రమును ప్రకటించిరి. ద్రవ హీలియమును సుమారు 2.2 కెల్విన్‌కు దిగువగా చల్లార్చినచో, అది అతిసన్నని సందులగుండ కూడ అడ్డులేక ప్రవహించును. దీనికే అతిద్రవత యని పేరు. 1946లో ఆండ్రొనికాష్విలి పలుచని పళ్లెముల దొంతరను ఒక తీగకు వ్రేలాడదీసి, ఆ ద్రవములో అటునిటు త్రిప్పి చూచెను. సాధారణ ద్రవభాగము పళ్లెములతోపాటు తిరిగెను. అతిద్రవభాగము కదలక నిలిచెను.

1969లో పీటర్ టొయన్నీస్ గొటింగెన్ సంస్థకు డైరెక్టరుగా వచ్చి అణుపుంజముల పరిశోధన చేపట్టెను. ఎక్కువ ఒత్తిడిలోనున్న వాయువును సన్నని రంధ్రముగుండ శూన్యములోనికి వదలినచో, అది వ్యాకోచించి మిక్కిలి చల్లబడును. ఇది ప్రవాహశాస్త్రపు విషయమే. ముందే చల్లార్చిన హీలియమును ఇట్లు వదలినపుడు, వేలకొలది పరమాణువులుగల బిందువులు పుట్టును. వాని ఉష్ణోగ్రత 0.37 కెల్విన్ మాత్రమే.

ఇంత చిన్న బిందువు అతిద్రవమేనా? పళ్లెముల దొంతర దానిలో పట్టదు. కాబట్టి దానికి బదులుగా ఒకే ఒక కార్బొనిల్ సల్ఫైడు అణువును బిందువులో ప్రవేశపెట్టిరి. తిరుగుచున్న అణువు పరారుణ కాంతిని కొన్ని నిర్ణీత తరంగదైర్ఘ్యముల వద్దనే పీల్చుకొనును. సాధారణ ద్రవములలో ఇరుగుపొరుగు అణువుల తాకిడివలన ఈ రేఖలు చెదరి కలిసిపోవును. హీలియం-4 బిందువులో మాత్రము అవి స్ఫుటముగా కనిపించెను. అనగా అణువు స్వేచ్ఛగా తిరుగుచున్నది.

హీలియము తక్కిన అణువులను బలముగా ఆకర్షింపదు గనుక ఇట్లు జరిగినదని ఎవరైన వాదింపవచ్చును. ఆ సందేహమును తీర్చుటకు హీలియం-3 ఉపయోగపడెను. రసాయనగుణములలో రెండును ఒక్కటే. కాని హీలియం-4 పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు మొత్తము 6, హీలియం-3లో 5. సరిసంఖ్య కలవి సత్యేంద్రనాథ్ బోసు గణాంకమును అనుసరించి ఒకే స్థితిలో గుమిగూడగలవు. బేసిసంఖ్య కలవి అట్లు చేయలేవు. అందువలన హీలియం-3 అతిద్రవమగుటకు కెల్విన్‌లో వెయ్యవవంతుల స్థాయికి చల్లబడవలెను.

హీలియం-3 బిందువులు 0.15 కెల్విన్‌కు చేరినను, వానిలో రేఖలు కలిసిపోయి ఒకే వెడల్పాటి పట్టగా కనిపించెను. పిమ్మట ఆ బిందువులలో హీలియం-4 పరమాణువులను కొంచెము కొంచెముగా చేర్చిరి. అవి కార్బొనిల్ సల్ఫైడు చుట్టు చేరెను. వాని సంఖ్య సుమారు 60 అగునప్పటికి స్ఫుటమైన రేఖలు తిరిగి వచ్చెను. 1998లో గ్రెబెనెవ్, టొయన్నీస్, విలెసోవ్ ఈ ఫలితమును ప్రకటించిరి.

అయినను అణువు శూన్యములో తిరిగినంత తేలికగా తిరుగలేదు. దాని జడత్వ భ్రామకము సుమారు 2.7 రెట్లు పెరిగెను. సమీపమున నున్న కొంత హీలియము దానితో తిరుగుచున్నదన్నమాట. ఆండ్రొనికాష్విలి పళ్లెములు చూపిన విభజనయే ఇచట ఒక్క అణువుచుట్టు కనిపించెను. పాఠ్యపుస్తకములలో ప్రవాహములు ఒక అధ్యాయము, అణువులు వేరొక అధ్యాయము. ప్రకృతిలో ఆ రెంటి నడుమ దూరము 60 పరమాణువులంత స్వల్పము కావచ్చును.