రెండో ఏడు: కొల్లేటి లంకల్లో రోజువారీ పఠనం, ఇంగ్లీషు మార్కులు

రోజుకు 20 నిమిషాలు చదివే పిల్లలు ఏడాదిలో 18 లక్షల మాటలు చదువుతారని, పరీక్షల్లో ముందుంటారని చెప్పే బొమ్మ ఒకటి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. అబద్ధమేమీ కాదు. కానీ మన పిల్లల గురించి చెప్పిన మాటా కాదు.

ఆ అంకెల పుట్టిల్లు 1988లో రిచర్డ్ ఆండర్సన్, పాల్ విల్సన్, లిండా ఫీల్డింగ్ అమెరికాలో ప్రచురించిన అధ్యయనం. 155 మంది ఐదో తరగతి పిల్లలు బడి వదిలాక ఏం చేస్తున్నారో రోజూ రాసిపెట్టుకున్నారు. వందమందిలో తొంభైమంది కన్నా ఎక్కువ చదివే పిల్ల పుస్తకాల మీద రోజుకు 21.1 నిమిషాలు గడిపింది. ఏడాది లెక్క 18,23,000 మాటలు. సరిగ్గా నడిమధ్యన ఉన్న పిల్ల గడిపింది 4.6 నిమిషాలే, 2,82,000 మాటలే. భాగహారం చేసి చూస్తే మొదటి పిల్ల చదివే వేగం నిమిషానికి సుమారు 240 మాటలు. అది ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగిన పిల్లల వేగం. కైకలూరు దగ్గరి లంక ఊళ్లో ఏడో తరగతి చదివే పిల్లాడు కూడబలుక్కుంటూ నిమిషానికి 50 మాటలు చదివాడనుకుందాం. 20 నిమిషాలకు వెయ్యి. బడి నడిచే 200 రోజులకు రెండు లక్షలు. బొమ్మలో చెప్పినదానిలో తొమ్మిదో వంతు.

ఇంకో మెలిక ఉంది. చదవడం వల్ల చదువు బాగుపడుతుందా, బాగా చదవగలిగినవాళ్లే ఎక్కువ చదువుతారా? రెండూ నిజమేనని, ఉన్నవాడికే మరింత చేరుతుందని కీత్ స్టానోవిచ్ 1986లోనే వాదించాడు. కాబట్టి 1988 లెక్కను పట్టుకుని 'చదివిస్తే మార్కులొస్తాయి' అని తేల్చెయ్యడం తొందరపాటు. అది తేలాలంటే కొన్ని బడులకు పుస్తకాలిచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూడాలి.

ఆ పని ఫిజీ దీవుల్లో జరిగింది. ఫిజీ మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1941లో వాళ్లు అక్కడ ఆంధ్ర సంఘం కూడా పెట్టుకున్నారు. ఆ దీవుల్లో నాలుగో తరగతి నుంచి బోధన ఇంగ్లీషులోకి మారుతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి. 1980లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ ఎనిమిది పల్లెబడులకు 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలిచ్చారు. కొన్ని తరగతుల్లో పంతులు పిల్లలతో కలిసి పుస్తకం చదివి మాట్లాడాలి, కొన్నిటిలో పిల్లలు ఎవరికి వాళ్లు మౌనంగా చదువుకోవాలి. రోజుకు 20 నుంచి 30 నిమిషాలు. పోలికకు తీసుకున్న బడుల్లో మామూలు ఇంగ్లీషు పాఠమే.

1983లో వెలువడిన ఫలితం ఇది: మొదటి ఏడు ముగిసేసరికి పుస్తకాలందిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలోనూ, విని అర్థం చేసుకోవడంలోనూ మిగతావారికి రెండింతలు ముందుకెళ్లారు. రాతలో మాత్రం అంత తేడా లేదు. రాత, వ్యాకరణం, పరీక్ష మార్కులు కదిలింది రెండో ఏట. ఈ ప్రయోగాన్ని ఉదహరించేవాళ్లు 'రెండింతలు' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు సంగతి 'రెండో ఏడు'.

ఎందుకంటే మన బడుల్లో పదో తరగతి లెక్క వంద రోజులది. దసరా, సంక్రాంతుల మధ్య ప్రణాళిక మొదలవుతుంది. స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, వెనకబడిన పిల్లల జాబితాలు. పదిహేను రోజుల్లో మార్కు కదలని పనికి అందులో చోటుండదు. నవంబరులో మొదలెట్టిన చదివే అలవాటు డిసెంబరు పరీక్షలో కనిపించదు, దాంతో జనవరికల్లా ఆ పీరియడ్ బిట్ పేపర్ల పాలవుతుంది. పెదవేగి వైపు పామాయిల్ మొక్క నాటిన రైతు మూడు నాలుగేళ్లు గెల కోసం ఆగుతాడు. ఆ ఓపిక బడి క్యాలెండరులో లేదు.

మన పరీక్ష సంగతీ ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఇంగ్లీషు 100 మార్కుల పేపరు, 35 వస్తే గట్టెక్కినట్టు. అందులో చదివి అర్థం చేసుకునేది ఒక భాగం, వ్యాకరణం, పదజాలం ఒక భాగం, సొంతంగా రాసేది ఒక భాగం. 35 దాటడానికి గైడు చాలు. ఉత్తరం ఎలా మొదలెట్టాలి, ఎక్కడ సంతకం పెట్టాలి, సంభాషణలో ఏ వాక్యాలు ఎక్కడైనా అతుకుతాయి, ఇవన్నీ బట్టీకి లొంగుతాయి. ఇందులో పంతుళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. తప్పితే చేపల చెరువు మీద పనికో, పెళ్లికో పోయే పిల్లను గట్టెక్కించడం చిన్న పని కాదు. గైడు చెయ్యిచ్చేది ఆ పైన. ముందెన్నడూ చూడని పేరా ఎదురైనప్పుడు, సొంత మాటల్లో అరపేజీ రాయాల్సొచ్చినప్పుడు. పేరాలో 'కానీ' అనే అర్థమిచ్చే చిన్నమాట కథను ఎటు తిప్పిందో పట్టుకోవాలంటే అంతకు ముందు అలాంటి మలుపులు కొన్ని వందలు చూసి ఉండాలి. అవి గైడులో దొరకవు.

కొల్లేటి లంకలో ఇంగ్లీషుకు కరువు లేదు. మేత బస్తా మీద ప్రొటీన్ శాతం ఇంగ్లీషులో ఉంటుంది, చెరువులో చల్లే మందు డబ్బా మీద, అమ్మ వేసుకునే మాత్రల రేకు మీద, ఫోను తెర మీద. అన్నీ మాటలే, వాక్యం ఒక్కటీ ఉండదు. పిల్లలు గుర్తుపట్టేది కూడా అంతవరకే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే వాళ్ల చేత పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మాటలు, తేలిక వాక్యాలు వరసగా చదివిస్తుంది. దేశం మొత్తం మీద పల్లెల్లో తేలిక ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 2016లో 24.7 శాతం, 2022లో 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 45.3 నుంచి 46.7కు. ఆరేళ్లు గడిచినా ఆ మెట్టు దగ్గర కదలిక లేదన్నమాట.

ఒక్క మాటను దగ్గరగా చూద్దాం. లంకను ఇంగ్లీషులో 'ఐలాండ్' అంటారు. నాలుగు దిక్కులా నీళ్లున్న ఊళ్లో పుట్టి, తాటిదోనె తొయ్యడం చిన్నప్పుడే నేర్చిన పిల్లాడు అచ్చులో ఆ మాట చూసి 'ఇస్లాండ్' అంటాడు. తప్పు పిల్లాడిది కాదు. తెలుగులో రాసిన ప్రతి అక్షరం పలుకుతుంది. మధ్యలో ఎస్ ఊరికే కూచుంటుందని వాడికెవరూ చెప్పలేదు. ఆ పుస్తకాన్ని మౌనంగా పదిసార్లు చదివినా పదిసార్లూ 'ఇస్లాండ్' అనే చదువుతాడు, తన ఊరే అదని తెలుసుకోకుండానే. పక్కన ఒకరు వింటూ 'ఐలాండ్ రా, మన లంక!' అంటే ఆ మాట మళ్లీ పోదు. అందుకే మన పిల్లల విషయంలో మొదటి ఏడు మౌనపఠనం కన్నా వినిపిస్తూ చదవడానికే నా ఓటు. వినేవాళ్లు పంతులే కానక్కర్లేదు. భీమడోలులో డిగ్రీ చదివే అక్క చాలు.

ఏం చదవాలి? ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం రోజూ చదవమనే సలహా బ్యాంకు పరీక్షల కోచింగ్ నుంచి హైస్కూలు దాకా దిగొచ్చింది. ఇది మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా హాయిగా అర్థం చేసుకోవాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హు, పాల్ నేషన్ 2000లో తేల్చారు. అంటే యాభై మాటలకు ఒక్క కొత్తమాట. సంపాదకీయంలో ఎనిమిదో తరగతి పిల్లకు లైనుకు మూడు తగులుతాయి. నిఘంటువు పట్టుకుని అరగంట కుస్తీ పట్టాక మిగిలేది తలనొప్పి. పదో తరగతి పిల్ల మూడో తరగతి కథ చదివితే నామోషీ కాదని ముందు పెద్దవాళ్లం ఒప్పుకోవాలి. తెలిసిన సంగతుల మీద ఉంటే ఇంకా మేలు. ఆటపాక గూడకొంగ చేపను సంచిలోకి ఎలా తోడుకుంటుందో తెలిసిన పిల్ల ఆ కథలో తెలియని మాటను కూడా ఊహించగలదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. దాని గురించి ఇంగ్లీషులో నివేదికలకు కొదవ లేదు. దాని ఒడ్డున ఉన్న పిల్ల చదవగలిగే ఇంగ్లీషు కథలే కావాలి.

పిల్లల చేత ముందు చదివించాలన్న వాదన కొత్తదీ కాదు. 1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలకు మాట్లాడ్డం కన్నా ముందు చదవడం నేర్పాలన్నాడు. 1926లో వచ్చిన తన పుస్తకంలో అతను ఎత్తిన లెక్క మన ఎల్ఐసీ ఏజెంట్లకు బాగా తెలిసిందే: సరెండర్ వాల్యూ. పాలసీ మధ్యలో వదిలేస్తే చేతికెంత వస్తుంది? బడి మధ్యలో మానేసిన పిల్లాడికి వ్యాకరణ సూత్రాలు దమ్మిడీకి కొరగావు, చదవగలగడం మాత్రం ఎంత వచ్చిందో అంతా మిగులుతుంది. లంక ఊళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి రోడ్లు మునిగినప్పుడు పాఠం ఆగింది. ఇంట్లో పుస్తకం ఉంటే చదవడం ఆగక్కర్లేదు.

పుస్తకాన్ని నీళ్లు దాటించడం తెలుగువాళ్లకు తెలియని విద్యా కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి సంఘం కట్టారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. 1960 చట్టం వచ్చాక ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఏలూరులో జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంది. 2020లో ప్రభుత్వం 'చదవడం మాకిష్టం' అంటూ బడుల్లో కార్యక్రమం పెట్టింది, 2023లో టోఫెల్ తరహా పరీక్షలు తెచ్చింది. పథకాలు వచ్చాయి, పోయాయి.

పుస్తకాలు మాత్రం చాలా బడుల్లో బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. తాళం వేసిన పంతులమ్మకు పుస్తకాలంటే ఇష్టం లేక కాదు. స్టాక్ రిజిస్టరులో తన సంతకం ఉంది, తనిఖీలో లెక్క తగ్గితే జవాబు చెప్పాల్సింది తనే. పిల్లల చేతికిచ్చిన పుస్తకం తడుస్తుంది, అట్ట ఊడుతుంది, తమ్ముడు బొమ్మకు మీసాలు గీస్తాడు. తళతళలాడే పుస్తకం ఉన్న బడి లెక్కల్లో బాగున్నట్టు, చిరిగిన పుస్తకమున్న బడి నష్టపోయినట్టు. రెండేళ్ల పఠనానికి తరగతికి వంద తేలిక కథలు, రోజుకు ఇరవై నిమిషాలు, వినే మనిషి ఒకరు కావాలి. ఏడో తరగతిలో మొదలుకావాలి, పదిలో కాదు. వీటన్నిటి కన్నా ముందు ఆ రిజిస్టరులో 'పోయినవి' అనే గడి పక్కన 'చదివి నలిగినవి' అని మరో గడి గీసి, అందులో అంకె పెరిగినందుకు ఎవరినీ సంజాయిషీ అడగబోమని పై అధికారి ఒక ఉత్తర్వు రాయాలి.